ఎనిమిదో బ్యాటరీ

బాన్సువాడ,
19 అక్టోబరు 2008.

చిరంజీవి అఖిలేశ్‌కు బావ దేవిదాస్ దీవెనలు.

ఇక్కడ మీ అక్క సంగీత, మా అవ్వ గంగవ్వ, నేను, ముగ్గురం బాగున్నాం. నువ్వు వదిలిపోయిన పెట్టె ఒక్కటే బాగాలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీతో మాట్లాడనని నేను ఒట్టు వేసుకున్న సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఒట్టు నోటిది, చేతిది కాదు. కాబట్టి రాస్తున్నాను. పోయిన మాఘమాసంలో నా గడ్డివాము తగలబడితే, నువ్వు పుణె నుంచి ఫోన్ చేసి "బావ బీడీ తాగి పారేసి ఉంటడు అక్కా" అన్నావు. ఆ మాట మీ అక్క నోట నలుగురికీ, నలుగురి నోట ఊరికీ చేరింది. మేపడానికి గడ్డి లేక, ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న బర్రెను మద్నూర్ అంగడిలో అమ్ముకున్నాం. అప్పటి నుంచి నా పేరు "బీడీతో బర్రెను ఊదేసిన దేవిదాసు". నేను తాగింది వాము దగ్గర కాదు, ఆ చివర బోరు మోటారు దగ్గర అంటే నమ్మేవాడు లేడు. బీడీ మానేశాను గానీ మాట పడటం మానలేదు.

సరే, పెట్టె సంగతి. దీపావళికి ఇల్లు దులుపుతుంటే సజ్జ మీద నుంచి ఏదో వాసన. మురిగిన పండూ, ఆడవాళ్ల గోళ్లరంగూ కలిపినట్టుంది. "ఎలుక సచ్చింది రా" అని అవ్వ పోరుపెడితే ఎక్కి చూశాను. ఎలుక లేదు, నీ పెట్టె ఉంది. అందులో ముక్కు లేని నీ బొమ్మవిమానం, దాని కింద వెండిరంగు పొట్లాలు ఏడు. ఒక్కోటి సబ్బుబిళ్లంత, ప్రతిదానికీ ఒక ఎర్ర తోక, ఒక నల్ల తోక. నాలుగు పూరీల్లా ఉబ్బాయి. ఉబ్బినవాటికి అవ్వ పసుపు రాసి బొట్టు పెట్టింది. "పొంగుడంటే మంచిదే బిడ్డా, పాలు పొంగితే సంతోషపడమా" అంటుంది.

పాత సామాను కొనే భద్రు వచ్చి, సుత్తెతో ఒక్కటి పగలగొట్టి లోపల రాగి ఉందో లేదో చూస్తానన్నాడు. నీ ఆస్తి గనక నిన్ను అడిగి చెబుతానన్నాను. ఏం చేయమంటావు?

ఇట్లు,
మాట్లాడని బావ,
దేవిదాస్


పుణె,
25 అక్టోబరు 2008.

పూజ్యులైన బావగారికి అఖిలేశ్ నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందగానే ఫోన్ చేశాను. మీరు ఎత్తి, నా గొంతు విని పెట్టేశారు. మళ్లీ చేస్తే అక్క ఎత్తింది. పెట్టెను ముందు వాకిట్లోకి తీయించమని, భద్రును సుత్తెతో సహా గేటు దాటించమని చెప్పాను. మిగతాది వివరంగా రాస్తున్నాను. నా మీద కోపం ఎంతైనా పెట్టుకోండి గానీ దీన్ని మాత్రం అక్షరం తప్పకుండా చేయండి.

అవి విమానానికి పెట్టే లిథియం పాలిమర్ బ్యాటరీలు. పాతబడితే లోపల గ్యాసు పుట్టి ఉబ్బుతాయి. పొడిచినా, కొట్టినా, తోకలు రెండూ ఒకదానికొకటి తగిలినా మంట. మామూలు మంట కాదు, నీళ్లు పోసినా మొండికేసే మంట. చెత్తలో వేయకూడదు, పొయ్యిలో వేయకూడదు, కాలువలో అసలు వేయకూడదు. మళ్లీ చార్జింగ్ పెట్టనే కూడదు. అవ్వను ఇక పసుపు రాయవద్దని చెప్పండి.

ఒక పాత మట్టికుండలో పొడి ఇసుక పోసి, ఒకటికొకటి తగలకుండా అన్నిటినీ ఇసుకలో పూడ్చండి. కుండ గడ్డికీ, కట్టెలకూ, గోడకూ దూరంగా ఆరుబయట ఉండాలి. ఉబ్బనివి మూడు ఉన్నాయి కదా, వాటిని మాత్రం ఒక్కొక్కటిగా డిశ్చార్జ్ చేయాలి. మోటారు సైకిల్ హెడ్‌లైట్ బల్బుకు రెండు తీగలు కట్టి, బ్యాటరీ తోకలకు తగిలించండి. బల్బు వెలిగి వెలిగి ఆరిపోతుంది. అప్పటిదాకా దగ్గరే కనిపెట్టుకుని ఉండాలి, కానీ మీద పడి చూడకూడదు. వేడెక్కితే తీగ పీకి దూరం జరగండి. ఉబ్బినవాటికి బల్బు కట్టవద్దు.

చివరగా, సెల్లును ఉప్పునీళ్ల బకెట్లో వేసి పదిహేను రోజులు బయట ఉంచండి. అందులో చార్జింగ్ అనేది ఏమాత్రం మిగలకూడదు. ఆ తర్వాత నేనే వచ్చి తీసుకుపోతాను. మా క్లబ్బువాళ్లు పాత బ్యాటరీలను పద్ధతిగా తీసుకునే చోటికి పంపుతారు.

బీడీ సంగతి నేను అన్నది అనుమానంగానే గానీ ఆరోపణగా కాదు.

ఇట్లు,
మీ బామ్మర్ది,
అఖిలేశ్


బాన్సువాడ,
2 నవంబరు 2008.

చిరంజీవి అఖిలేశ్‌కు,

అక్షరం తప్పకుండా అన్నావు కదా, అక్షరం తప్పలేదు. ఇసుక కుండ బావి అవతల పెట్టాను. ఉబ్బని మూడింటికీ బల్బు కట్టాను. చీకట్లో బండి లేకుండా బల్బు వెలుగుతుంటే వీధి వీధంతా వచ్చింది. నీ విమానం ఎగిరినప్పుడూ ఇంతే. జొన్నచేను మీది చిలుకలను తోలుతుందని ఎగరేశావు. చిలుకలు దాన్ని చూసి బెదరలేదు, ఊరు మాత్రం దాన్ని చూడటానికి వచ్చి చేనంతా తొక్కింది.

డిశ్చార్జ్ అనే మాటకు అవ్వ అడ్డం తిరిగింది. "దవాఖానల నుంచి డిశ్చార్జ్ చేసుడంటే మంచిగైనంక ఇంటికి తోలుడు గదా, గీటిని ఏ ఇంటికి తోలుతుండు?" అని అడిగింది. జవాబు నిన్నే అడుగుతానన్నాను. నీ దగ్గర ఉంటే రాయి.

చివరి పని దగ్గరే కొంచెం బాధ కలిగింది. మొదటి పేజీ అంతా బ్యాటరీలు అని రాశావు, రెండో పేజీలో సెల్లు అన్నావు. మా ఇంట్లో సెల్లు ఒక్కటే ఉంది, పోయిన ఏడు రాఖీకి మీ అక్కకు నువ్వు కొనిచ్చింది. "గంత మంచి సెల్లును ఉప్పునీళ్లల్ల ఎందుకేస్తం, ఒక్కపారి తమ్మున్ని అడుగుదాం" అని ఆమె అంది. ఇంజనీరు రాసిన దాన్ని మనం అనుమానించవద్దు, ఈ బ్యాటరీలకూ ఆ సెల్లుకూ గాలిలో ఏదో లంకె ఉండి ఉంటుంది, అందుకే చార్జింగ్ మిగలకూడదన్నాడు అని నచ్చజెప్పాను. బకెట్లో రెండు దోసిళ్ల గల్లుప్పు కలిపి వేశాం. నాలుగు బుడగలు వచ్చాయి, చిన్నగా ఒకసారి మోగింది, ఆ తర్వాత నిశ్శబ్దం. పదిహేను రోజులకు ఇంకా సమయం ఉంది. మీ అక్క రోజూ వెళ్లి బకెట్లోకి చూసి వస్తోంది.

ఇట్లు,
నీ మాట జవదాటని బావ,
దేవిదాస్


పుణె,
8 నవంబరు 2008.

బావగారికి నమస్కారం.

వారం రోజులుగా అక్క ఫోన్ ఎందుకు మోగడం లేదో ఇప్పుడు అర్థమైంది. బావా, సెల్లు అంటే ఫోను కాదు! బ్యాటరీనే సెల్లు అంటాం. టార్చిలైటులో వేసేదాన్ని మీరు ఏమంటారు? తప్పు నాదే, ఒకే వస్తువుకు రెండు పేర్లు వాడాను. ఫోనును బయటకు తీసి... వద్దు, ఏమీ చేయవద్దు. దానికి ఇక చేసేదేమీ లేదు. ఆ బకెట్లోకి బ్యాటరీలను దించండి. మీరు కావాలనే ఇలా చేశారని నా భార్య సిరీష అంటోంది. నేను మాత్రం అనను.

ఇప్పుడు అసలు సంగతి. మీరు ఏడు అని రాశారు. అప్పుడు కంగారులో గమనించలేదు. నా దగ్గర ఉన్నవి ఎనిమిది, బాగా గుర్తు. ఎనిమిదోది దొరికేదాకా మీరెవరూ నిశ్చింతగా ఉండకూడదు. అన్నిటికంటే ప్రమాదం అదే, ఎందుకంటే విమానం కూలిన రోజు అందులో ఉన్నది అదే. బస్సుకు టైమైపోతుంటే హడావిడిగా విమానం ముక్కలు సంచిలో కుక్కి పెట్టెలో పెట్టి వెళ్లాను. అందులోనే ఉండాలి.

దెబ్బతిన్న బ్యాటరీ స్వభావం చెబుతాను, భయపెట్టడానికి కాదు. కిందపడగానే అది ఏమీ చేయదు. చల్లగా, అమాయకంగా పడి ఉంటుంది. లోపల మాత్రం వేడి పుడుతుంది. రెండు మూడు గంటల తర్వాత, దగ్గర ఎవరూ లేని సమయం చూసి భగ్గుమంటుంది. పక్కన ఎండిన వస్తువేదైనా ఉంటే ఇక అంతే. అందుకే పడిన వెంటనే తీసి నేల మీద, ఆరుబయట పెట్టాలి. ఇది ఈ ఆటలో మొదటి పాఠం.

సజ్జ మీద, మంచాల కింద, అవ్వ దేవుడి గూట్లో, అంతటా వెతికించండి. నాకు ఇక్కడ ముద్ద దిగడం లేదు.

ఇట్లు,
అఖిలేశ్


బాన్సువాడ,
16 నవంబరు 2008.

మహారాజశ్రీ ఇంజనీరు అఖిలేశ్ గారి దివ్యసముఖమునకు,

ఎనిమిదోది దొరికింది. కంగారు పడవద్దు, తిను.

ఎలా దొరికిందో చెబుతాను. రెండు రోజులు ఇల్లంతా తలకిందులు చేశాం. అవ్వ దేవుడి గూట్లో చెయ్యి పెట్టబోతే "నా గూట్ల ఉత్త గాజులే ఉన్నయ్, నేనేమన్న దొంగనా?" అని ఒక పూట అన్నం మానేసింది. చివరికి అలసిపోయి అరుగు మీద కూర్చుని నీ ఉత్తరాన్ని మళ్లీ చదివాను. చల్లగా, అమాయకంగా పడి ఉంటుంది. రెండు మూడు గంటల తర్వాత. దగ్గర ఎవరూ లేని సమయం చూసి. పక్కన ఎండిన వస్తువేదైనా ఉంటే. నువ్వెంత చక్కగా రాస్తావు బామ్మర్దీ!

ఆ రోజు నీ విమానం ఎక్కడ కూలింది? నా గడ్డివాము మీద. ఎప్పుడు? మనం పగటి అన్నం తిన్న తర్వాత. నిచ్చెన వేసుకుని ఎక్కి రెక్కలూ తోకా దించింది నువ్వే. ముక్కు ఏదిరా అంటే, "పోనీ బావా, మల్లొచ్చినప్పుడు చూద్దాం, బస్సు పోతది" అన్నావు. నువ్వు బస్సెక్కావు. పొద్దుగూకే వేళకు వాము అంటుకుంది. నేను బోరు దగ్గర బీడీతో దొరికిపోయాను. బ్యాటరీ ఉండేది ముక్కులోనే కదా, ఆ ముక్కు లేని విమానాన్ని పెట్టెలో చూసి కూడా నా మట్టిబుర్రకు తట్టలేదు చూడు.

తొమ్మిది నెలలు బామ్మర్దీ! కట్టుకున్నది నాకు టీ గ్లాసు ఇచ్చేటప్పుడల్లా "ప్యాకెట్ పాలే, మన బర్రెవి కావు" అని చెప్పి మరీ ఇచ్చింది. నస్రుల్లాబాద్‌లో పెళ్లికి పోతే పందిరి కింద నన్ను కూర్చోనివ్వలేదు, అంటుకుంటుందట. నవ్వులాటకే అన్నారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ సంగతి ఇవాళ నీకు తప్ప ఎవరికీ తెలియదు.

కాబట్టి నువ్వు రావాలి. వచ్చి, మీ అక్క ముందు, నలుగురి ముందు, నీ నోటితో చెప్పాలి. నీ ఉత్తరం భద్రంగా దాచాను. మీ అక్కకు చదివి వినిపించాను కూడా. ఆమె లేచి లోపలికి పోయింది, సిగ్గుపడి ఉంటుంది.

నిర్దోషిని అయిన సందర్భంగా ఒక కట్ట బీడీలు తెచ్చుకున్నాను. మొదటిది అరుగు మీద, అందరూ చూస్తుండగా తాగాను. ఎంత కమ్మగా ఉందో!

ఇట్లు,
ఏ పాపం ఎరుగని
దేవిదాస్


బాన్సువాడ,
17 నవంబరు 2008.

తమ్ముడు అఖిలేశ్‌కు అక్క సంగీత ఆశీస్సులు.

నిన్న మీ బావ ఒక ఉత్తరం డబ్బాలో వేశాడు. ఇవాళ ఆయన పొలం పోయాక నేను ఇది వేస్తున్నాను. బజారులోని ఫోన్ డబ్బా నుంచి చేద్దామంటే, అక్కడ కూర్చునే రాధాకుమారి మన మాటలన్నీ విని మనకంటే ముందే ఊరికి చెబుతుంది.

వాము నీ బ్యాటరీతోనే అంటుకుంది. నాకు ఆ మరునాడే తెలుసు. బూడిద ఎత్తుతుంటే కరిగిపోయిన ఎర్రతీగ, నల్లతీగ, బొటనవేలంత మోటారు దొరికాయి. మూటగట్టి ఎవరి కంటా పడకుండా పూడ్చిపెట్టాను. నీ మీద మాట రాకూడదని పూడ్చానని అనుకుంటావేమో. అదీ ఉంది గానీ, అంతకంటే పెద్ద సంగతి వేరే.

అంతకు ముందే నిజామాబాద్ దవాఖానలో మీ బావకు ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఆయన ముందు ఒక మాట చెప్పి, నన్ను పక్కకు పిలిచి ఇంకో మాట చెప్పాడు. బీడీ మానకపోతే ఊపిరి మిగలదన్నాడు. పెళ్లైన నాటి నుంచి మొక్కాను, ఏడ్చాను, అన్నం మానేశాను, ఆయన వినలేదు. నువ్వు ఫోన్లో అన్న ఒక్క మాటతో, ఊరు పెట్టిన ఆ పేరుతో, ఆ పూటే మానేశాడు. నిజం చెబితే మళ్లీ మొదలుపెడతాడని నోరు మూసుకున్నాను. ఆయన పడ్డ మాటలన్నీ నేను చూస్తూనే ఉన్నాను. బర్రె పోయిందని ఏడ్చానంటారు. బర్రె కోసం ఏడ్చింది ఒక్కరోజే.

ఇప్పుడు నీ ఉత్తరంతో అంతా తిరగబడింది. నిన్నటి నుంచి ఆగకుండా తాగుతున్నాడు. తాగుతున్నంతసేపూ నవ్వుతున్నాడు, తాగాక దగ్గుతున్నాడు. నువ్వు చదువుకున్నవాడివి. వాము నీ బ్యాటరీతో అంటుకోలేదని ఏదో ఒకటి రాయి. ఆయన్ను మళ్లీ దోషిని చెయ్యి. నాకు మనిషి కావాలి తమ్ముడూ, పరువు కాదు.

నీ అక్క,
సంగీత


పుణె,
24 నవంబరు 2008.

బావగారికి నమస్కరించి రాయునది.

మీకు ఒక మంచి వార్త. మీకు మంచిదో కాదో గానీ, నిజమైన వార్త. ఎనిమిదో బ్యాటరీ ఇక్కడే, మా ఇంట్లోనే దొరికింది. నిన్న సిరీష వంటగది సర్దుతుంటే గోధుమపిండి డబ్బా వెనక, ఎడమచేతి మూలన, నీలంరంగు చేతిసంచిలో, పాత దినపత్రికలో చుట్టి కనబడింది. ఆ రోజు కూలిన విమానంలోంచి తీసి నేనే జేబులో వేసుకుని బస్సెక్కి ఉంటాను. బస్సులో అది పేలకపోవడం మన అదృష్టం. ఉబ్బలేదు కూడా. నిన్ననే బల్బు కట్టి డిశ్చార్జ్ చేశాను.

కాబట్టి మీ వాముకూ నా బ్యాటరీకీ ఏ సంబంధమూ లేదు. శాస్త్రీయంగా చూస్తే ఇక మిగిలిన కారణం ఒక్కటే, అదేమిటో మీకు తెలుసు. బోరు దగ్గర పారేసినా గాలి వాటున నిప్పురవ్వ ఎంత దూరమైనా పోతుంది. మీ మీద కోపంతో రాయడం లేదు. ఆ బీడీలు మళ్లీ మానేయండి బావా. దయచేసి మానేయండి.

అక్షరాలు వంకరగా ఉంటే క్షమించండి. ఇక్కడ చలి ఎక్కువగా ఉంది.

ఇట్లు,
మీ బామ్మర్ది,
అఖిలేశ్


బాన్సువాడ,
2 డిసెంబరు 2008.

చిరంజీవి అఖిలేశ్‌కు బావ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. గోధుమపిండి డబ్బా దాకా నమ్మాను. ఎడమచేతి మూల దగ్గర కొంచెం ఆగాను. నీలంరంగు సంచి దగ్గరకు వచ్చేసరికి నీ మీద జాలి వేసింది. నిజం చెప్పేవాడికి అన్ని గుర్తులు ఉండవు బామ్మర్దీ.

అయినా వాదించను, ఎందుకంటే నీ ఉత్తరం రావడానికి ముందురోజే ఇక్కడ ఒకటి జరిగింది. బ్యాటరీలు ఉప్పునీళ్లలో ఉండాల్సిన పదిహేను రోజులూ అయిపోయాయి. తీసి ఆరబెట్టి, నువ్వు వచ్చేదాకా మళ్లీ ఇసుకలో పెడదామనుకున్నాను. కుక్కలు కుండను దొర్లిస్తున్నాయని, కుండ మెడ దాకా దిగేలా గొయ్యి తీద్దామని కాకరపందిరి వెనక తవ్వాను. మూరెడు లోతులో ఒక మూట తగిలింది. విప్పితే ఎర్రతీగ, నల్లతీగ, బొటనవేలంత మోటారు. వాటితో నాకు పని లేదు, అంతకు ముందే నాకు తెలిసిన సంగతే. మూట కట్టిన గుడ్డ దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది. మీ అక్క పాత చీర, ఆకుపచ్చ అంచుది. పెళ్లైన కొత్తలో బోధన్‌లో నేను కొన్నది.

గొయ్యి పక్కనే కూర్చుండిపోయాను. ముందు కోపం వచ్చింది. అన్నీ తెలిసి కూడా తొమ్మిది నెలలు నన్ను ఊరికి వదిలేసింది కదా అని. అప్పుడు దగ్గు వచ్చింది. చాలాసేపు ఆగలేదు. ఆగాక తలెత్తి చూస్తే, వంటింటి కిటికీలో ఆమె నిలబడి ఉంది. నా చేతిలో ఏముందో ఆమెకు అక్కడి నుంచి కనబడదు. ఆమె చూస్తున్నది నా దగ్గునే. ఆ ముఖం చూశాక నిజామాబాద్ డాక్టరు ఆమెను పక్కకు పిలిచి ఏమి చెప్పాడో నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేకపోయింది.

మూటను ఉన్నట్టే కట్టి, ఉన్నచోటే పెట్టి, మన్ను కప్పాను. ఇసుక కుండకు ఇంకో చోట గొయ్యి తీశాను. "ఏం దొరికింది గక్కడ?" అని మీ అక్క అడిగింది. "రాళ్లు" అన్నాను. మిగిలిన బీడీలన్నీ ఆ ఉప్పునీళ్ల బకెట్లోనే వేశాను. ఈసారి ఏది వేయాలో పొరపాటు పడలేదు.

నీ ఉత్తరాన్ని నిన్న అరుగు మీద నలుగురికీ నేనే గట్టిగా చదివి వినిపించాను. బ్యాటరీ పుణెలోనే ఉందట, వాము తగలబెట్టింది నా బీడీయే అని ఒప్పుకున్నాను. అందరూ నవ్వారు. లోపల మీ అక్క గిన్నెలు చప్పుడు చేయకుండా తోముతోంది. సాయంత్రం టీ ఇచ్చింది. పాలు ఎవరివో చెప్పలేదు.

నువ్వు రా. ఏడింటినీ తీసుకుపో. ఎనిమిదోదాన్ని మాత్రం వెంట తేవద్దు. దారిలో అంటుకుందంటే బస్సులో బీడీ తాగే బావ ఎవడూ ఉండడు, తప్పు ఎవరి మీద వేస్తావు? వచ్చేటప్పుడు మీ అక్కకు ఒక సెల్లు కొనుక్కురా. ఏ సెల్లో నీకు తెలుసు. ఒట్టు కూడా తీసి గట్టు మీద పెట్టాను, ఇక మాట్లాడతాను.

అవ్వ అడిగిన దానికి నువ్వు జవాబు రాయలేదు. డిశ్చార్జ్ అంటే మంచిగైన తర్వాత ఇంటికి పంపడమే అని నేనే చెప్పాను.

ఇట్లు,
బీడీతో బర్రెను ఊదేసిన
నీ బావ దేవిదాసు